పిడి ఫ్లాసర్: పళ్ళ సందుల శుభ్రతలో దాని స్థానం

పళ్ళ సందుల్లో పట్టే పాచిని తీసే సన్నని దారాన్ని వాడుకలో ఫ్లాస్ అంటున్నాం. ఆ దారాన్ని వేళ్ళకు చుట్టుకునే పని లేకుండా, పిడి చివర రెండు కొమ్ముల మధ్య బిగించి వాడే సాధనమే పిడి ఫ్లాసర్. ఇందులో మూడు రకాలున్నాయి. మొదటిది పొట్టి పిడితో వచ్చే ప్లాస్టిక్ ముక్క, ఒకసారి వాడి పారేసేది. రెండోది టూత్ బ్రష్షంత పొడవున్న పిడి శాశ్వతంగా ఉండి, దారం బిగించిన చిన్న హెడ్డును మాత్రం మార్చుకుంటూ పోయేది. మూడోది పిడీ కొమ్ములూ మనవే, దారాన్ని రీలు నుంచి తెంపి మనమే బిగించుకునేది. ఈ వ్యాసానికి ముఖ్యం రెండోది. దాన్ని అర్థం చేసుకోవాలంటే మిగతా రెండింటితో పోల్చి చూడక తప్పదు. ఏ సాధనం ఎంత పాచి తీస్తుందన్న లెక్కకన్నా, దాన్ని రోజూ నోట్లోకి తీసుకెళ్ళే చెయ్యి నిలుస్తుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. నంద్యాల జిల్లాలో నందికొట్కూరుకూ ఆత్మకూరుకూ నడుమ కర్నూలు–గుంటూరు రోడ్డు మీదున్న జూపాడు బంగ్లా లాంటి మండల కేంద్రంలో ఆ చెయ్యి నిలవాలంటే ఏం కావాలో కూడా ఇక్కడే చూడాలి. నగరంలో చెల్లిన సలహా ఊళ్ళో అలాగే చెల్లదు.

ముందు సందు సంగతి. ప్రతి పంటికీ ఐదు ముఖాలుంటాయి: నమిలే పైభాగం, బుగ్గ వైపు, నాలుక వైపు, పక్క పళ్ళను తాకే రెండు వైపులు. బ్రష్షు కుచ్చు మొదటి మూడింటినీ బాగానే తోముతుంది. మిగిలిన రెండు వైపులకు అది చేరదు. జ్ఞానదంతాలు వదిలేస్తే ఒక్కో దవడలో 14 పళ్ళు, వాటి నడుమ 13 సందులు. రెండు దవడలకూ కలిపి 26. పళ్ళు ఒకదాన్నొకటి తాకే చోటు కింద చిగురు చిన్న పల్లంలా దిగి ఉంటుంది. అక్కడి పొర మిగతా చిగురు కన్నా పలచన, కాబట్టి వాపు తరచుగా అక్కడే మొదలవుతుంది. పాచి అంటే మిగిలిపోయిన మెతుకు కాదు, పంటి మీద పొరలు పొరలుగా అంటుకుని పెరిగే సూక్ష్మజీవుల గుంపు. నీళ్ళు పుక్కిలిస్తే మెతుకు పోతుంది, ఆ పొర పోదు. ఏదో ఒకటి తాకి గీకాల్సిందే. గీకకపోతే లాలాజలంలోని ఖనిజాలు పేరుకుని ఆ పొర గారగా గట్టిపడుతుంది. గార కట్టాక ఇంట్లో ఏ సాధనమూ పనికిరాదు, దంతవైద్యుడి చేతిలోని పరికరమే దిక్కు.

పాచికీ చిగుళ్ళ వాపుకూ ఉన్న సంబంధం ఊహ కాదు. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హరాల్డ్ లో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మందిని పళ్ళు తోముకోవడం పూర్తిగా ఆపమన్నారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపల అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టగానే కొద్దిరోజుల్లో తగ్గాయి. దంతవైద్య చరిత్రలో ఇంత చిన్న ప్రయోగం ఇంత స్పష్టమైన జవాబు ఇచ్చిన సందర్భాలు తక్కువ. వాపు దగ్గరే ఆగితే వెనక్కి తిప్పవచ్చు. లోపలి ఎముక కరగడం మొదలైతే పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన నివేదిక లెక్కన ప్రపంచంలో సుమారు 350 కోట్ల మందికి ఏదో ఒక నోటి జబ్బు ఉంది. తీవ్రమైన చిగుళ్ళ జబ్బు ఒక్కటే దాదాపు వంద కోట్ల మందిలో ఉంది. చక్కెర జబ్బు ఉన్నవారిలో చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. చిగుళ్ళ జబ్బు ఉంటే చక్కెర అదుపులోకి రావడమూ కష్టమవుతుంది. సందులో పుట్టే పిప్పి మరో బాధ. పైకి పన్ను నిక్షేపంలా కనిపిస్తుంది, లోపల పక్కగోడ పుచ్చుతూ ఉంటుంది. ఎక్స్‌రే తీస్తే తప్ప తెలియదు. ఒకరోజు వేయించిన శనగలు కొరికినప్పుడు అంచు ఊడి చేతికొస్తుంది.

మన ప్రాంతంలో పళ్ళ శుభ్రతకు పాత సంప్రదాయం లేదనుకుంటే తప్పు. పన్నెండు అంగుళాల కొలత, చిటికెన వేలి లావు ఉండే పంటిపుల్లను సుశ్రుత సంహిత వర్ణించింది. ఆ అంగుళం వేలి వెడల్పు. వేపపుల్ల, కానుగ పుల్ల, ఉత్తరేణి వేరు, బొగ్గుపొడి, ఉప్పు, ఆ తర్వాత డబ్బాల్లో అమ్మే పళ్ళపొడి, వీటితో పాటు నాలుకబద్ద: రాయలసీమ పల్లెల్లో పొద్దునపూట ఇవన్నీ నడిచాయి, కొన్ని ఇంకా నడుస్తున్నాయి. నమిలి కుచ్చు చేసిన వేపపుల్ల బయటి ముఖాలను బ్రష్షులాగే శుభ్రం చేయగలదు, దాని చేదు రసానికి సూక్ష్మజీవులను కొంత అణచే గుణమూ ఉంది. కానీ ఆ కుచ్చు కూడా సందులోకి దూరదు. సందు కోసం మనవాళ్ళు వాడింది వేరు: చీపురుపుల్ల, అగ్గిపుల్ల, పిన్నీసు. జొన్నరొట్టె, మాంసం, వక్క, మొక్కజొన్న కంకి తిన్నాక ఇరుక్కున్న ముక్కను పెకలించడానికి అవి పనికొచ్చాయి. నంద్యాల జిల్లా బనగానపల్లె పేరున ఉన్న బంగినపల్లి మామిడిలో పీచు తక్కువ కాబట్టి ఆ బాధ తక్కువ. రసాల మామిడి తిన్నవారికి పీచు సంగతి తెలుసు. ఇరుక్కున్న పీచు తీయడం, పాచి తీయడం ఒకే పని కావు. పీచు నొప్పి పెడుతుంది కాబట్టి తీస్తాం. పాచి నొప్పి పెట్టదు కాబట్టి వదిలేస్తాం. పిన్నీసు మొన చిగురును గాయపరుస్తుంది, పంటి గోడ మీది పొరను మాత్రం కదిలించదు. కాబట్టి వేపపుల్లను నిందించి ఫ్లాసర్‌ను ఎత్తుకోవాల్సిన పని లేదు, పుల్ల తన పని తాను చేస్తూనే ఉంది. తీసేయాల్సింది పిన్నీసును.

దారం కథ అమెరికాలో మొదలైంది. న్యూ ఆర్లీన్స్ దంతవైద్యుడు లెవీ స్పియర్ పార్మ్‌లీ 19వ శతాబ్దం రెండో దశాబ్దంలోనే పళ్ళ నడుమ పట్టుదారం లాగమని చెప్పాడు. 1882లో మాసాచుసెట్స్‌లోని ఒక కంపెనీ మైనం పూయని పట్టు ఫ్లాస్‌ను అమ్మకానికి తెచ్చింది. 1898లో జాన్సన్ అండ్ జాన్సన్ ఫ్లాస్‌కు పేటెంటు పొందింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టు కరువైనప్పుడు నైలాన్ రంగంలోకి వచ్చింది. చార్లెస్ బాస్ అనే వైద్యుడు నైలాన్ దారాన్ని ప్రచారం చేశాడు. చిగురు అంచున బ్రష్షును వాలుగా పెట్టి తోమే పద్ధతికి నేటికీ ఆయన పేరే ఉంది. దారాన్ని కొమ్ములకు బిగించాలన్న ఆలోచన కూడా కొత్తది కాదు. వేళ్ళు నోట్లో పట్టవన్న ఇబ్బంది దారమంత పాతది.

ఆ ఇబ్బందిని తక్కువ చేసి చూడకూడదు. వేళ్ళతో ఫ్లాస్ చేయాలంటే సుమారు 45 సెంటీమీటర్ల దారం తెంపి, రెండు నడిమి వేళ్ళకు చుట్టి, చూపుడు వేళ్ళతో బిగబట్టి, రెండు చేతులనూ నోట్లోకి తీసుకెళ్ళాలి. ముందు పళ్ళ దాకా పని సాఫీగా సాగుతుంది. వెనక దవడ పళ్ళ దగ్గర బుగ్గ అడ్డం, వేలు అడ్డం, ఉమ్మి జారుడు. ఎక్కువమంది అక్కడే విసిగి మానేస్తారు. పిడి ఉన్నప్పుడు ఒక్క చెయ్యి చాలు, వెనక పళ్ళకు వేలు చేరాల్సిన పని లేదు, చూపు లేకపోయినా తడిమి నడపవచ్చు. అయితే పిడికి రెండు లోపాలున్నాయి. దారం పంటి ఒంపును పట్టుకుని చుట్టుకోవాలి, ఇంగ్లీషు సీ అక్షరం ఆకారంలో వంగి ఒక పంటి గోడనూ, మళ్ళీ తిరిగి రెండో పంటి గోడనూ తుడవాలి. కొమ్ముల మధ్య బిగిసిన రెండు సెంటీమీటర్ల తిన్నని దారం అంత తేలిగ్గా వంగదు. నేరుగా కిందికి దించి పైకి లాగితే తాకే చోటు మాత్రమే శుభ్రమవుతుంది, కింది పల్లం అలాగే ఉంటుంది. రెండో లోపం దారం కొత్తదనం. పొడవైన దారంలో ఒక్కో సందుకు ఒక్కో తాజా భాగం వాడతాం. ఫ్లాసర్‌లో ఆ రెండు సెంటీమీటర్లే 26 సందులు తిరగాలి. మధ్యమధ్య కడుక్కోకపోతే ఒక సందు పాచి ఇంకో సందుకు చేరుతుంది. ఈ రెండు లోపాలూ వాడే పద్ధతితో చాలావరకు తీరేవే, కానీ ఆ పద్ధతిని ప్యాకెట్టు మీది బొమ్మ ఎవరికీ నేర్పలేదు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది: అసలు ఫ్లాస్ వల్ల మేలుందని ఎవరు తేల్చారు? 2016 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 25 అధ్యయనాలను పరిశీలించి, ఆధారం బలహీనంగా ఉందని రాసింది. 1979 నుంచి అమెరికా ప్రభుత్వ సలహాల్లో ఉంటూ వచ్చిన ఫ్లాస్ ఆనాటి ఆహార మార్గదర్శకాల నుంచి జారిపోయిందనీ బయటపెట్టింది. దాంతో ఫ్లాస్ ఉత్త వ్యాపారమన్న మాట ప్రపంచమంతా పాకింది. ఈ ఆక్షేపణను తోసిపుచ్చకుండా దాని లోపలికి వెళ్ళాలి. 2019లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్ష 35 పరిశోధనలను, వాటిలో పాల్గొన్న 3,929 మందిని లెక్కలోకి తీసుకుంది. బ్రష్షుకు ఫ్లాస్ తోడైతే చిగుళ్ళ వాపు కొంత తగ్గవచ్చని, సందుల్లో దూర్చే చిన్న బ్రష్షు తోడైతే వాపూ పాచీ రెండూ తగ్గవచ్చని అది చెప్పింది. ఆధారం నమ్మకస్థాయి మాత్రం తక్కువేనని కూడా చెప్పింది. సందుల్లో పిప్పిని కొలిచిన పరిశోధన వాటిలో ఒక్కటీ లేదు, చాలావాటి గడువు నెలల్లోనే ముగిసింది. ఏళ్ళు పట్టే పిప్పిని నెలల్లో వెదికితే దొరకదు. ఆధారం బలహీనంగా ఉందనడం, మేలు లేదని రుజువైందనడం వేర్వేరు మాటలు. పత్రికల శీర్షికల్లో ఆ తేడా పోయింది.

ఈ చర్చలో అన్నిటికన్నా వెలుగునిచ్చేది 2006లో హ్యూజోల్, ఆయన సహచరులు చేసిన సమీక్ష. ఆరు ప్రయోగాలు, 4 నుంచి 13 ఏళ్ళ లోపు పిల్లలు 808 మంది. బడి ఉన్న ప్రతిరోజూ శిక్షణ పొందినవారు పిల్లల పాలపళ్ళకు తామే ఫ్లాస్ చేసిన చోట 1.7 ఏళ్ళలో సందుల పిప్పి ముప్పు 40 శాతం తగ్గింది. మూడు నెలలకొకసారి చేసిన చోట లాభం కనిపించలేదు. పిల్లలే తమంతట తాము చేసుకున్న చోటా కనిపించలేదు. దారం అదే, నోరు అదే. మారింది చెయ్యి, దాని క్రమం. ఫ్లాస్ పనిచేయదన్న ఆక్షేపణకు ఇది జవాబు. ఫ్లాస్ దానంతట అదే పనిచేస్తుందన్న ప్రకటనలకు కూడా ఇదే జవాబు. బాగా చేసే చెయ్యి రోజూ చేస్తే ఫలితం ఉంది, లేకపోతే లేదు. వేళ్ళ ఫ్లాస్‌నూ పిడి ఫ్లాసర్‌నూ పోల్చిన చిన్న అధ్యయనాల్లో పాచి తీయడంలో పెద్ద తేడా తేలలేదు. వాడినవారిలో చాలామంది పిడినే ఇష్టపడ్డారు. కాబట్టి పిడి గురించి చెప్పగలిగిన గొప్ప మాట ఇది: ఎక్కువ పాచి తీస్తుందని కాదు, మానేయబోయే మనిషిని మానకుండా ఉంచే అవకాశం దానికి ఎక్కువ. పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయినవారికి, కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయినవారికి, మంచం పట్టిన పెద్దవారి పళ్ళు తోమే కోడలికో కొడుక్కో, పసిపిల్లల పళ్ళు చూసే తల్లికో అది సౌకర్యం మాత్రమే కాదు, చాలాసార్లు దారం వాడగలిగే ఏకైక మార్గం కూడా. ఇంకొకరి నోట్లో వేళ్ళు పెట్టి దారం లాగడం ఎంత కష్టమో, కొరికించుకున్నవారికి తెలుసు.

ఇప్పుడు మార్చుకునే హెడ్డు సంగతి. కాగితం మీద ఇది మంచి ఏర్పాటు. పిడి ఏళ్ళ తరబడి ఉంటుంది, పారేసే ప్లాస్టిక్ తగ్గుతుంది, పొడవైన పిడి కాబట్టి వెనక పళ్ళకు బాగా అందుతుంది. అమెరికాలో రీచ్ లాంటి బ్రాండ్లు ఇలాంటి పిడినీ రీఫిల్ ప్యాకెట్టునూ విడివిడిగా అమ్మాయి. కానీ ఒక కంపెనీ పిడికి ఇంకో కంపెనీ హెడ్డు సాధారణంగా పట్టదు. పిడి కొన్న రోజునే కొనుగోలుదారు ఆ కంపెనీ రీఫిళ్ళకు కట్టుబడిపోతాడు. రోజుకొక కొత్త హెడ్డు అన్న లెక్కన ఒక మనిషికి ఏడాదికి 365, నలుగురున్న ఇంటికి 1,460 కావాలి. మండల కేంద్రంలోని కిరాణా కొట్టులో, మందుల షాపులో మామూలుగా దొరికేవి బ్రష్షు, పేస్టు, పళ్ళపొడి. రీఫిల్ కోసం నంద్యాలకో కర్నూలుకో వెళ్ళాలి, లేదా ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి. ఒక ప్యాకెట్టు అయిపోయి రెండోది రావడానికి పదిహేను రోజులు పడితే, ఆ పదిహేను రోజుల్లో అలవాటు పోతుంది. హ్యూజోల్ సమీక్ష చెప్పిన మాట గుర్తుంటే ఈ ఎడం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. క్రమం తప్పితే ఫలితమే లేదు. అదే 50 మీటర్ల దారం రీలు రోజుకు 45 సెంటీమీటర్ల చొప్పున దాదాపు 110 రోజులు వస్తుంది. ఏడాదికి నాలుగు రీళ్ళు కొనుక్కుని డబ్బాలో పెట్టుకుంటే ఒక మనిషికి ఏ లోటూ ఉండదు. అందుకే ఊళ్ళో ఉండేవారికి మార్చుకునే హెడ్డు పిడికన్నా, మామూలు దారాన్ని మనమే బిగించుకునే పిడి మేలని నిర్మొహమాటంగా చెప్పాలి. దారం చుట్టడానికి ఒక నిమిషం ఎక్కువ పడుతుంది. ఆ నిమిషానికి బదులు సరఫరా మన చేతిలో ఉంటుంది. నగరంలో రీఫిల్ నిలకడగా దొరికేవారికి, వేళ్ళకు పట్టు లేక దారం చుట్టుకోలేనివారికి హెడ్డు మార్చే రకమే సరైనది.

ప్లాస్టిక్ మీద వచ్చే ఆక్షేపణ కూడా న్యాయమైనదే. కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించిన ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో ప్లాస్టిక్ పుల్లల ఇయర్ బడ్స్, ఐస్‌క్రీం పుల్లలు ఉన్నాయి. పారేసే ఫ్లాసర్లు ఆ జాబితాలో లేవు. స్వభావంలో మాత్రం అవి ఇయర్ బడ్స్‌కు తోబుట్టువులే. హెడ్డు మాత్రమే మార్చే పిడి ఆ చెత్తను తగ్గిస్తుంది, మాయం చేయదు. వాడిన హెడ్డును కాలువలోనో పెంటకుప్ప మీదో పడేస్తే పశువు కడుపులోకి పోవచ్చు. దారమైనా సరే నేల మీద వదలకూడదు, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి.

ఇంకొక భయం తరచుగా వినిపిస్తుంది: దారం లాగితే పళ్ళ మధ్య సందు పెరుగుతుందని, రక్తం వస్తోంది కాబట్టి మానాలని. ఆరోగ్యమైన పళ్ళను రెండు సెంటీమీటర్ల దారం జరపలేదు. గార తీయించాకనో, వాపు తగ్గాకనో కనబడే సందు అంతకు ముందే ఉన్నది. వాచిన చిగురు దాన్ని కప్పింది. రక్తం కూడా సాధారణంగా వాపు గుర్తే, దారం చేసిన గాయం గుర్తు కాదు. మెల్లగా, రోజూ చేస్తే చాలామందికి వారం పది రోజుల్లో తగ్గుతుంది. నిజంగా గాయమయ్యేది దారాన్ని ఒక్కసారిగా టక్కున దించి చిగురులోకి కొట్టినప్పుడే. పిడికి బలం ఎక్కువ అందుతుంది కాబట్టి ఈ ప్రమాదం ఫ్లాసర్‌తో ఇంకాస్త ఎక్కువ.

వాడే తీరు ఇలా ఉండాలి. అద్దం ముందు నిలబడి, దారాన్ని సందు మీద ఆనించి, రంపం ఆడించినట్టు ముందుకూ వెనక్కూ చిన్నగా కదిలిస్తూ లోపలికి దించాలి. దిగాక పిడిని ముందుకు నెట్టి ఒక పంటి గోడకు దారాన్ని అదిమిపట్టి, చిగురు అంచు కిందికి కొద్దిగా జార్చి, పైకీ కిందికీ నాలుగైదుసార్లు తుడవాలి. తర్వాత పిడిని వెనక్కి లాగి పక్క పంటి గోడకు అదే చేయాలి. ఈ నెట్టడం, లాగడంలోనే తిన్నని దారం వంగుతుంది. నాలుగైదు సందులకొకసారి నీళ్ళ కింద కడగాలి. దారం పోగులు లేచినా సడలినా హెడ్డు మార్చాలి. చివరి దవడ పన్ను వెనక గోడను కూడా మరవకూడదు. ఎప్పుడు చేయాలన్నదానికి 2018లో ఇరాన్‌లో జరిగిన ఒక చిన్న పరిశోధన, ముందు ఫ్లాస్ చేసి తర్వాత బ్రష్ చేస్తే సందుల్లో పాచి ఎక్కువ తగ్గిందని, ఫ్లోరైడు ఎక్కువ నిలిచిందని చూపింది. రాత్రి పడుకునే ముందు ఈ వరుసలో చేస్తే చాలు. పొద్దున వేపపుల్ల వాడేవారు అది మానక్కర్లేదు.

అన్ని నోళ్ళకూ ఫ్లాసరే తగినదని చెప్పలేం. చిగురు దిగిపోయి సందులు వెడల్పయిన నడివయసు దాటినవారికి, సందులో దూరే చిన్న కుచ్చు బ్రష్షే మెరుగు. కోక్రేన్ సమీక్ష కూడా అటే మొగ్గింది. ఇరుకైన సందులున్న యువకులకు ఆ బ్రష్షు దూరదు, దారమే దారి. కట్టుడు పళ్ళ బ్రిడ్జి కింద మామూలు ఫ్లాసర్ పోదు, దారాన్ని సూదిలాంటి దానితో కిందినుంచి దూర్చాలి. పళ్ళకు క్లిప్పులు వేయించుకున్నవారికీ తీగ అడ్డుపడుతుంది. వక్క, పొగాకు, గుట్కా అలవాటున్నవారికి ఏ ఫ్లాసరూ రక్ష కాదు. అక్కడ మానాల్సింది అలవాటే.

ఇంటి సాధనంతో తీరని బాధకు దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. నంద్యాల జిల్లా వారికి కర్నూలులో దంత వైద్య కళాశాల, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. కానీ ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం దంతవైద్యుడి పోస్టు సామాజిక ఆరోగ్య కేంద్రం స్థాయి నుంచే మొదలవుతుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సాధారణంగా ఉండదు. పన్ను నొప్పి వచ్చాక మాత్రమే బస్సెక్కే అలవాటు మన పల్లెల్లో ఇందువల్ల బలపడింది. అప్పటికి తరచుగా పన్ను తీయించడం తప్ప దారి మిగలదు. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడి పిల్లల పళ్ళ పిప్పిని పరీక్షించే ఏర్పాటు ఉంది. పరీక్షతో పాటు సందులు శుభ్రం చేసే తీరును తల్లులకు చేతితో చేసి చూపించే ఏర్పాటు కూడా అందులో చేరాలి. జూపాడు బంగ్లాలోనైనా ఆళ్ళగడ్డలోనైనా అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త నేర్చుకుని నేర్పగలిగినంత తేలికైన పని ఇది. ఇంట్లో ఐదేళ్ళ పిల్లలున్నవారు, మంచం పట్టిన పెద్దలున్నవారు ముందుగా ఒక పిడి, ఒక దారం రీలు తెచ్చుకోండి. రెండు వారాలు రోజూ వాడినా చిగుళ్ళ రక్తం ఆగకపోతే దంతవైద్యుడికి చూపించండి.